ముడిచమురు పెరిగిన రోజు, బాపుకు

బాపు,

ఈ ఉదయం తొమ్మిదింబావుకు మార్కెట్ తెరవగానే నువ్వు కొన్న పెట్రోలు కంపెనీ షేరు మళ్లీ పడింది. ముడిచమురు ధర పెరగడమే కారణం.

నువ్వు మందమర్రి గనిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడివి. "బొగ్గు పిరమైతే బొగ్గు కంపెనీకి లాభమే గదరా, చమురుకు సుత గంతే" అన్నావు. ఇల్లు కొనడానికి దాచిన రిటైర్మెంటు డబ్బంతా అందులో పెట్టావు. ఆ కంపెనీ చమురు తీయదు. కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. కొనే ధర పెరిగి, పంపు దగ్గర ధర పెంచలేకపోతే నష్టం దానిదే.

నువ్వు కొనకముందు మా పత్రికలో నేను రాసిన వార్తలో ఆ సంగతి చివరి పేరాలో పెట్టాను. శీర్షిక మాత్రం "చమురు మంట, ఇంధన షేర్లకు ఊపు" అని పెట్టాను. నువ్వు పోయాక నీ కళ్లద్దాల డబ్బాలో ఆ కత్తిరింపు దొరికింది. అందులో శీర్షిక ఒక్కటే ఉంది.

ఇందాక అవ్వ టీవీ చూసి అడిగింది. "చమురు పిరమైందట గద కొడుకా, మీ బాపు షేర్లు లేసినయా? లేస్తే ఈన్నే ఇల్లు కొనుక్కుందం. నీ కరీంనగర్ కిరాయి అర్రల నేనుండ."

"ఇంకా చూడలే అవ్వా" అన్నాను.

సోమవారం పది గంటలకు ఈ గని క్వార్టర్ ఖాళీ చేసి తాళాలు కంపెనీకి అప్పగించాలి. పదకొండుకు అవ్వకూ నాకూ కరీంనగర్ బస్సు.