నాన్నగారి లెన్సులో వరిపువ్వు

మెదక్,
అక్టోబరు, 2011

చిరంజీవి ఉదయ్ కుమార్‌కు అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. రెండుచోట్ల ఒత్తులు తప్పినా, కోపం మాత్రం స్పష్టంగానే తెలిసింది. నాన్నగారి పెద్ద రోలుఫిల్ము కెమెరా లెన్సును నీ అద్దాల బీరువాలో జ్ఞాపకంగా ఉంచుకోవడానికి పంపుతానన్న మాట నిజమే. సకల జనుల సమ్మెలో బస్సులు నిలిచిపోవడంతో అది ఇక్కడే ఉండిపోయింది.

బడులు కూడా మూతపడ్డాయి గదా, వృక్షశాస్త్రం చెప్పే మా కోడలు లిల్లీ దాన్ని తన కొత్త కెమెరాకు అమర్చింది. దగ్గరి వస్తువు పెద్దగా కనబడేందుకు రెండింటి నడుమ సాగే తోలు తిత్తిని బిగించి, కుల్చారంలో మనకు తెలిసిన రైతు నర్సింగం పొలానికి వెళ్లింది. వరిపువ్వు పొద్దెక్కాక కాసేపే విచ్చుకుంటుంది. గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి, లెన్సును చేత్తోనే సవరించుకుంటూ ఆమె తీసిన ఫోటోను దీనితో జతపరుస్తున్నాను. గింజంత లేని పువ్వులో పుప్పొడి సంచులు ఎంత స్పష్టంగా వేలాడుతున్నాయో, వాటి వెనుక పచ్చదనం ఎంత మెత్తగా కరిగిపోయిందో చూడు. చర్చి మెట్ల మీద పెళ్లివారిని వరుసగా నిలబెట్టి తీసిన నాన్నగారు, ఈ లెన్సుకు ఇంత దగ్గరి చూపు ఉన్నదని ఎరుగరు.

నర్సింగం ఆ ఫోటోను చేతిలోంచి వదలలేదు. "సారూ, గిది నా పొలంలదేనా? వరి గింత సక్కగ పూస్తదని ఎన్నడన్న చెప్పిండ్రా మీరు?" అని నన్నే నిలదీశాడు.

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. లిల్లీ నిన్ననే లెన్సును విప్పి, మెత్తని గుడ్డలో చుట్టి, "చిన్నమామయ్య వస్తువు ఆయనకు పంపుండ్రి మామయ్యా" అని నా బల్లమీద పెట్టింది.

వచ్చే నెల కంది పూస్తుంది. లెన్సును ఇక్కడే ఉంచమని ఆమె అడగలేదు. నీకన్నా పెద్దవాణ్ణి, నేను అడుగుతున్నాను.

నీ అన్నయ్య