పరీక్ష ముందురోజు గొర్రె

అమ్మకు,

నీ పెద్ద కూతురు బురుల్ సలాం చెప్పి రాయునది. ఇక్కడ నేను, నా కుట్టుమిషను క్షేమం. అక్కడ కొండమీద నువ్వు, చెల్లి జిపార్, గుర్రాలు, గొర్రెలు, కొత్తగా ఈనిన ఆవు, దాని దూడ అందరూ క్షేమమని తలుస్తాను. డేరాకి ఈ ఏడు కొత్త కంబళి కప్పారని ట్రక్కు ఎర్కిన్ చెప్పాడు. వాన పడితే పక్కల మధ్య గిన్నెలు పెట్టుకునే బాధ తప్పిందన్నమాట. సంతోషం.

నీ ఉత్తరం వాడే తెచ్చి ఇచ్చాడు. మీగడ డబ్బా కూడా ఇచ్చాడు, సగం దారిలో వాడే తిన్నట్టున్నాడు. నువ్వు అడిగినవాటికి వరసగా చెప్తాను. చివరగా అడిగినదానికి మాత్రం చివర్లోనే.

అవకాడో అంటే మందు కాదమ్మా. కాయ. ఇక్కడ పెద్ద బజారులో అద్దాల కొట్లో ఒక్కొక్కదానికీ కాగితం తొడిగి పెళ్లికూతుర్లా కూర్చోబెడతారు. నేనెప్పుడూ తినలేదు. పై చదువుల పరీక్ష రోజు పొద్దున పిల్లకి అవకాడో పెట్టమని కాగితం మీద అచ్చు వేయించి పంచిన తలాంత్ మాస్టారు కూడా తిని ఉండడు. ఎక్కడో చదివాడు, ఎక్కించాడు. మన లోయ పిల్లల్ని పరీక్షకు తయారుచేస్తానని ఊళ్లో బోర్డు కట్టుకున్న మనిషి, మన లోయ పిల్లలు పొద్దున ఏం తింటారో ఒక్కసారి తల తిప్పి చూడలేకపోయాడు.

"పిల్లను చీకటి గదిలో, తెరలు దించి, ఒంటరిగా పడుకోబెట్టాలట, డేరాలో తెర ఎక్కడ కట్టను" అని అడిగావు. ఎక్కడా కట్టొద్దు. నెత్తిమీద పొగ పోవడానికి కన్నం ఉన్న ఇంట్లో, అటు నువ్వు, ఇటు మేకపిల్ల పడుకునే చోట ఒంటరితనం ఎక్కడినుంచి తెస్తావు? ఆ మాస్టారు పుట్టింది మన పక్క లోయలోనే. అదే కంబళి కింద, నలుగురి కాళ్లు మొహం మీద వేయించుకుని పెరిగినవాడే. పట్నంలో రెండేళ్లు ఉండి వచ్చేసరికి కంబళి వాసన మర్చిపోయాడు. మర్చిపోయినవాడు ఊరుకోడు, మనకి పాఠం చెప్తాడు.

నేను చెప్పేది విను. జిపార్ రోజూ ఏం తింటుందో ఆ రోజూ అదే తిననీ. రొట్టె, మీగడ, ఉడికించిన గుడ్డు. కొత్త తిండి ఏదీ ఆ పొద్దున పెట్టకు. పులిసిన గుర్రప్పాలు మాత్రం నోటి దగ్గరికి రానివ్వకు. ఈ ఋతువులో మొదటి గుర్రప్పాలని ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వస్తారు, "ఒక్క గుక్కే" అంటారు, ఆ గుక్కతో కళ్లు మూతలు పడతాయి. టీ ఒక్క కప్పు చాలు. పరీక్ష మధ్యలో బయటికి పోవాలని చెయ్యెత్తితే వెనకాల ఒక ఆవిడ తలుపు దాకా వచ్చి కాపలా కాస్తుంది. ఆ సిగ్గులో పిల్లకి చదివింది సగం ఎగిరిపోతుంది.

ఇక నిద్ర. ముందురోజు ఒక్క రాత్రి తొందరగా పడుకోమంటే ఎవరికీ పట్టదు, పైగా భయం పట్టుకుంటుంది. ఇవాళ్టి నుంచే రోజూ కాస్త కాస్త ముందుగా పడుకోబెడుతూ రా. తెల్లవారుజామున ఆవుల పాలు జిపార్ పితకక్కర్లేదు. పెదనాన్న కొడుకు పితుకుతాడు. వాడికీ దేవుడు చేతులిచ్చాడు.

పెదనాన్న పేరు వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. ఆసాన్‌బెక్ పెదనాన్న పోయిన వారం ఉన్ని అమ్ముకోవడానికి పట్నం వచ్చి, మా కుట్టు కార్ఖానాకి కూడా వచ్చాడు. అమ్మాయిలందరి ముందూ గుమ్మంలో నిలబడి, "ఏమే బురుల్, ఇంకా ఈ దారాల మధ్యనే ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాను పెదనాన్నా. మీ టోపీ అంచు ఊడిపోయింది, ఇటివ్వండి, కుట్టిస్తాను."

"టోపీకేం తొందర. జిపార్ పరీక్ష ముందురోజు గొర్రెను కోస్తున్నా. లోయలో డేరాలన్నిటికీ కబురు పంపా. పెద్దలంతా చేతులెత్తి దీవిస్తే ప్రశ్నలు వాటంతటవే దారికొస్తాయి."

"పరీక్ష అయ్యాక కోయొచ్చు కదా?"

"అయ్యాక దీవెనెందుకే? పిల్లాడు పుట్టాక పెళ్లి చేస్తారా ఎవరైనా?" అని అమ్మాయిల వైపు చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు, ఏం చేస్తారు, పెద్దమనిషి.

"మరి టీ ఎవరు పోస్తారు?"

"ఇంట్లో చిన్నపిల్ల ఎవరో వాళ్లే. ఇదేం కొత్త ప్రశ్న?"

"అంటే జిపార్."

"దీవెన తనకే కదా. తన చేత్తో పోస్తే ఇంకా బాగా ఫలిస్తుంది. గొర్రె తలలోంచి చెవి కోసి తనకే పెడతా. చెవి తింటే చెప్పింది బుర్రకెక్కుతుంది."

టోపీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. నేను ఆ పూట నాలుగు జేబులు తలకిందులుగా కుట్టాను.

అమ్మా, మన మర్యాద సంగతి నీకు తెలుసు. కప్పు నిండా పోస్తే "తాగేసి లేచి పో" అన్నట్టు. అందుకని అడుగున కాస్త పోస్తాం. చుట్టం ఆ కాస్తా తాగి మళ్లీ చాపుతాడు, మళ్లీ కాస్త పోస్తాం. చాలు అనాలంటే కప్పు మీద చెయ్యి మూయాలి. మన లోయలో చెయ్యి మూసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక్కొక్కరూ ఆ టీ కాచే సమోవార్ అడుగంటేదాకా కూర్చుని, "ఈ పిల్ల డాక్టరు అవుతుంది" అని దీవిస్తూ, ఆ పిల్లనే మోకాళ్ల మీద అటూ ఇటూ తిప్పుతారు. దీవించేది వీళ్లే, నిద్ర తినేసేది వీళ్లే. ఆ తర్వాత గిన్నెలు. గిన్నెల తర్వాత గొర్రె పేగులు కడగడం. అదీ చిన్నపిల్ల పనే.

నా పరీక్షకీ ఇదే చేశారు. పొద్దున మిగిలిన కొవ్వు మాంసం వేడిచేసి, "బలం" అని కుక్కారు. నేను మొదటి కాగితం తిప్పింది గుర్తుంది. తర్వాత గుర్తున్నది భుజం తట్టిన చెయ్యి, కాగితాలు తీసుకుంటున్న ఆవిడ మొహం. నా చెంప మీద పెన్ను అచ్చు. పెదనాన్న ఊరంతా చెప్పాడు, "పాపం, దాని బుర్రకి అంతే పట్టింది" అని. అప్పుడు నువ్వు పక్కనే కూర్చుని రొట్టె తుంచుతున్నావు. ఎందుకు నిద్రపోయానో నీకు తెలుసు, తెల్లారేదాకా పేగులు కడిగిన నా చేతులు చూసింది నువ్వే. ఒక్క మాట అనలేదు. నిన్ను తప్పుపట్టడం లేదని రాద్దామనుకున్నాను, కలం కదల్లేదు.

నాన్న ఉన్నా అన్నగారి మాట కాదనేవాడు కాదేమో. నువ్వు కాదనాలి. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం, చుట్టాలు రాకముందే ఎర్కిన్ ట్రక్కు పైకి వస్తుంది. జిపార్‌ని ఎక్కించు. ఊళ్లో నూర్‌గుల్ పిన్ని ఇంట్లో పడుకుంటుంది, బడి అక్కడికి పక్కనే. రొట్టె, గుడ్లు మూటకట్టి ఇవ్వు. ఎర్కిన్‌కి అన్నీ చెప్పాను. "మీ పెదనాన్న నన్ను ట్రక్కులోంచి లాగి గొర్రెతోపాటు కోస్తాడేమో" అన్నాడు. "నీలో కొవ్వు తక్కువ, వదిలేస్తాడు" అన్నాను.

పెదనాన్న అడిగితే జ్వరమనీ, పుస్తకం మర్చిపోయిందనీ అబద్ధాలు చెప్పకు. "నా కూతురు నిద్రపోవడానికి వెళ్లింది" అని చెప్పు. గొర్రెను కోసుకోనీ. టీ ఆయన్నే పోయమను. సగం కప్పు మర్యాద ఎంత బరువుంటుందో ఆయన మోకాళ్లకీ తెలియాలి.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. జీతం ఎక్కువొచ్చే రాత్రి పని ఎందుకు మానేశావు, ఎవరైనా అబ్బాయి దొరికాడా అని అడిగావు. అబ్బాయి లేడమ్మా. అదే రోజు, అదే పరీక్ష, ఇక్కడి బడిలో నేనూ రాస్తున్నాను. చలికాలం నుంచి చదువుతున్నాను, పాత పుస్తకాలు కొనుక్కుని, పాఠం చెప్పేవాళ్లు ఎవరూ లేకుండా. మిషను ఆపిన ప్రతిసారీ కాస్త.

రోజూ ఒకే వేళకి పడుకుంటున్నాను. గదిలో అమ్మాయిలు దీపం ఆర్పుతూ, "మామ్మా, కోళ్లు కూడా ఇంకా కబుర్లు చెప్పుకుంటున్నాయి" అని ఎగతాళి చేస్తారు. దుప్పటి మొహం మీదికి లాక్కుంటాను. అదే నా చీకటి గది. పొద్దున రొట్టె, గుడ్డు, ఒక్క కప్పు టీ. ఇంతసేపూ తలాంత్ మాస్టారిని తిట్టాను కదా, నువ్వు ఉత్తరంలో పెట్టి పంపిన ఆయన కాగితంలోంచి "రోజూ ఒకే వేళకి పడుకో" అన్న ఒక్క ముక్క కత్తిరించి మిషనుకి అంటించుకున్నాను. ఆయనకి చెప్పకు, పొంగిపోతాడు.

దీవెనలంటే నాకు చిరాకని నువ్వనుకుంటావు. చిరాకే. అయినా ఒకటి అడుగుతున్నాను. ఆ పొద్దున ఆవుల్ని వదిలాక డేరా బయటికి వచ్చి అరచేతులు తెరువు. మాంసం వద్దు, సమోవార్ వద్దు, పెద్దలెవరూ వద్దు. నువ్వు చాలు. రెండు పేర్లు చెప్పు. నా పేరు మెల్లగా చెప్పు, పెదనాన్న చెవిన పడకుండా.

వద్దు, గట్టిగానే చెప్పు. కొండకి కూడా వినపడేట్టు చెప్పు. ఆ వేళకి చెల్లి అక్కడా, నేను ఇక్కడా బల్లల ముందు కూర్చుని ఉంటాం. ఇద్దరం మేలుకునే ఉంటాం.

ఇట్లు,
టీ పోయడం మానేసిన నీ పెద్ద కూతురు,
బురుల్