మూయొద్దన్నది నేనే

ఇతెర్లాక్ నివాసిని, గొర్రెలు కాచి దుంపలు పండించి బతికేదాన్ని, వ్యవసాయశాస్త్రంలో పట్టా ఉన్నదాన్ని, నలభై ఆరేళ్ళ బొలెట్టె ఇసాక్సెన్ అను నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని మొదట్లోనే ప్రకటించాలట. మొన్నటిదాకా అయితే చెయ్యి తడబడకుండా ప్రకటించేదాన్ని. నిన్న మధ్యాహ్నం నుంచి నా బుద్ధి మీద నాకే నమ్మకం చాలడం లేదు. అయినా ఈ రోజు శుక్రవారమని తెలుసు, నా పేరు తెలుసు, నేను చేసిందేమిటో ఇప్పుడు తెలుసు. చట్టానికి ఈ మాత్రం చాలుననుకుంటాను.

నేల వాడకానికి మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతి ఈ ఏడు తిరగరాయాలి. నా తర్వాత ఎవరో పేరు చెప్పమన్నారు. నాకు భర్త లేడు, పిల్లలు లేరు. అందుకే వీలునామా మొదలుపెట్టి, పాత రసీదుల కోసం అటక వెతికాను. అక్కడ ఊరి దుంప విత్తనం దాచే విత్తనగది పాత రిజిస్టరు దొరికింది. తొమ్మిదేళ్ళ క్రితం ఊరి విత్తనం దాదాపు అంతా గడ్డకట్టి పోయినందుకు ఊరు పావియా యోసెఫ్‌సెన్‌ను తప్పుపట్టి అతని దగ్గర ఆ గది తాళం లాక్కుని నాకిచ్చింది. ఆ తప్పు నాది. రేపు శనివారం ఊరి సమావేశంలో ఆ తాళం ఇక మీదట ఎవరికివ్వాలో తేలుస్తారు. పావియా కూతురు నివి తనకిమ్మని అడిగింది. తండ్రి చేశాడనుకుంటున్న పని వల్ల ఆమెకు ఇవ్వరు. ఈ సంగతి తెలిసే కింది అంశాలు చదవవలసింది.

1. నేల గురించి. ఇంటి వెనక గడ్డిమైదానం, సముద్రపు పాయ వైపు దిగే దుంపల మడి నావి కావు, ఈ దేశంలో నేల ఎవరి సొంతమూ కాదు, కనుక ఎవరికీ రాయడం లేదు. నేల మీద నేను కట్టుకున్న ఇల్లు, కొట్టం, కంచె, రెండువందల పది తల్లిగొర్రెలు, వాడకపు అనుమతి నా తదనంతరం నివి యోసెఫ్‌సెన్‌కు సర్వహక్కులతో చెందవలసినది. పన్నెండు వసంతాలు నాతో పాటు గొర్రెలకు కాన్పులు చేసిన మనిషి ఆమె. ఈ అంశం నిన్నటికి ముందే రాశాను. దీన్ని ప్రాయశ్చిత్తంగా ఎవరూ చదవవద్దు. నేను కూడా అలా చదువుకోకూడదని ప్రయత్నిస్తున్నాను.

2. నా తమ్ముడు ఎసాయాస్‌కు నాన్న తుపాకీ, పడవ ఇంజను. ఇంజను అతని పడవకే ఉంది, వారం రోజులకని పన్నెండేళ్ళ క్రితం పట్టుకెళ్ళాడు. నేను కోపెన్‌హాగన్‌లో చదువు ముగించుకుని వచ్చిన రోజు, భోజనాల దగ్గర అందరి ముందూ, "అక్కా, ఆ పట్టా కుండలో వేసి ఉడకబెడితే దుంపలా మెత్తబడుద్దా, సీల్ మాంసంలా సాగుద్దా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట కడుపులో పెట్టుకున్నాను. నిన్న రిజిస్టరు చదివాక ఆ కోపానికి ఆధారం పోయింది. ఇంజనుతో పాటు ఆ మాట కూడా అతనికే తిరిగి ఇచ్చేస్తున్నాను.

3. పావియాకు నేను అమ్మను. అతనికి డెబ్బై నాలుగేళ్ళు. అతని తల్లి బొలెట్టె పోయిన నెలకు నేను పుట్టాను. ఆమె పేరు నాకు పెట్టారు, మా ఆచారం ప్రకారం పేరుతో పాటు ఆమె వరసలన్నీ నాకు వచ్చాయి. నేను ఉయ్యాలలో ఉండగానే వంగి చూసి, "అమ్మా, చలేస్తోందా?" అని అడిగేవాడట. బడికి పోతుంటే జేబులో ఎండుచేపలు కుక్కి, "ఎవడన్నా కొడితే చెప్పమ్మా, నీ కొడుకు బతికే ఉన్నాడు" అనేవాడు. ఆరేళ్ళప్పుడు నేను "పావియా, చొక్కా మాసింది, మార్చుకో" అంటే నిజంగా వెళ్ళి మార్చుకుని వచ్చాడు. నా పదిహేనో ఏట, చర్చిలో నన్ను పెద్దపిల్లగా నిలబెట్టిన రోజున, తన తల్లి వేసుకున్న పూసల భుజాలపట్టీ నాకు తెచ్చి ఇచ్చాడు. ఆ పట్టీ నివికి ఇస్తున్నాను.

అమ్మ మాట కాదనని కొడుకు చేతిలో ఊరి విత్తనం ఉందన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు.

4. జరిగినది. మా ఎర్ర బంగాళాదుంప ఆ మొదటి బొలెట్టె తన పెరట్లో ఏటేటా మంచివి ఏరి, తినకుండా దాచి నిలబెట్టిన విత్తనం. ఏప్రిల్, మే నెలల్లో తూర్పు తీరం నుంచి కొట్టుకొచ్చిన మంచుగడ్డలు పాయ నోరు కప్పేస్తే సరుకుల ఓడ లోపలికి రాలేదు. దుకాణంలో ఆవముద్ద సీసాలూ కొవ్వొత్తులూ మిగులుతాయి. అప్పుడు మా ముప్పై ఎనిమిది మందినీ బతికించేది దుంప, చేప, గొర్రె. తినే దుంపలు ఎవరింట్లో వాళ్ళవి. విత్తనం మాత్రం ఊరందరిదీ ఒకే చోట, కొండవాలులో తవ్వి గడ్డిపెళ్ళలు కప్పిన గదిలో. దాని తాళం ముప్పై ఏళ్ళు పావియా దగ్గర ఉంది.

2015 ఫిబ్రవరిలో, దేశం నడుమంతా కప్పిన పెద్దమంచు మీదుగా వేడిగాలి దిగింది. చూరులన్నీ కారడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఏడు చెమ్మకు విత్తనం కుళ్ళింది. పొడిగాలి తగలనివ్వాలని పుస్తకాల్లో చదివిన దాన్ని కనుక తలుపు తెరవమని పావియాకు చెప్పి, సమావేశం ఉందని నార్సాక్ పట్నానికి పడవెక్కాను. వేడిగాలి వెనకే పెనుచలి వస్తుందని ఇక్కడ పుట్టిన కుక్కపిల్లకు కూడా తెలుసు. పడవలు ఆగిపోయి ఐదో రోజుకు గాని నేను రాలేకపోయాను. వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నలభై పెట్టెల్లో ముప్పై ఎనిమిది నల్లబడ్డాయి. వెనకవైపు రెండు మాత్రం బతికాయి.

అక్కడే, పది మంది వింటుండగా, "ఇంత వయసొచ్చింది, ఒక్క తలుపు మూయడానికి బుర్ర లేకపోయిందా నీకు?" అని అరిచాను. పావియా నా ముఖంలోకి చూశాడు. "మూయలేదమ్మా" అన్నాడు. పగలు మాత్రమే తెరవమన్నానని నాకు గట్టి గుర్తు. అదే ఊరందరికీ చెప్పాను. ఆ సాయంత్రమే తాళం అతని దగ్గర తీసుకుని నాకిచ్చారు. రిజిస్టరు కూడా నా చేతికే వచ్చింది. నేను గడులు గీసిన కొత్త పుస్తకం మొదలుపెట్టి, పాతదాన్ని తెరవకుండా అటకెక్కించాను. విత్తనం మళ్ళీ పెరిగేదాకా రెండేళ్ళు ఊరు తన దుంప రుచి చూడలేదు.

నిన్న తెరిచాను. పావియా రాత. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మంగళవారం. వేడిగాలి. అమ్మ తలుపు మీద కాగితం అంటించి పడవెక్కింది."

ఆ కాగితం కిందే అతికించి ఉంది. అక్షరాలు నావి, సందేహం లేదు: "నేను వచ్చేదాకా తలుపు మూయొద్దు, ఎవరు చెప్పినా సరే. బొ."

"బుధవారం. గాలి తిరిగింది. లోపల సున్నా. అమ్మకి ఫోన్ చేశాను. పనిలో ఉన్నా, మళ్ళీ చేస్తానంది."

"గురువారం పొద్దున. లోపల మైనస్ ఆరు. ఫోన్ రాలేదు. చదువుకున్న మనిషి, ఏదో ఆలోచించే ఉంటది."

"గురువారం సాయంత్రం. మైనస్ పదకొండు. అమ్మ మూయొద్దంది గాని కప్పొద్దనలేదు. తొమ్మిది గొర్రెతోళ్ళు, నా దుప్పటి వెనక రెండు పెట్టెల మీద కప్పాను. ఇంక తోళ్ళు లేవు."

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. ఆ కాగితం రాసిన జ్ఞాపకం ఇప్పటికీ రావడం లేదు. ఫోన్ సంగతి అసలే లేదు. నిజంగా మరిచిపోయానా, మరిచిపోతే నాకు సుఖంగా ఉంటుందని మరిచిపోయానా? నిన్నటి నుంచి ఈ ప్రశ్నను ఎన్ని వైపుల నుంచి పట్టుకున్నా జారిపోతోంది. జవాబు ఏదైనా కాగితం కాగితమే.

5. దుకాణం నడిపే కాలి మార్కుసెన్‌కు ఏమీ రాయడం లేదు. సాక్షికి ఆస్తి ఇవ్వకూడదు. అతన్ని సాక్షిగా ఎంచుకున్నది కావాలనే. ఎవరైనా తలుపు సరిగా వేయకుండా దుకాణంలోకి వస్తే, "ఏం పావియా! వెనక తలుపెవరేస్తారు, మీ అమ్మా?" అని అరిచేది అతనే. ఆ హాస్యం ఊరంతా పాకింది. ఇప్పుడు తలుపు తెరిచి వదిలేసిన ప్రతి మనిషి పేరూ పావియాయే. ఈ మాట పుట్టినప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. నేనూ నవ్వాను. కాలి ఒక్కడే నవ్వాడని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

6. నా ముందుగది గోడ మీది అద్దాల చట్రం. ఆ రెండు పెట్టెలు బతికాయి కనుక అందులోని దుంపలు చలికి తట్టుకునే రకమని నేను తేల్చాను. విత్తన పరిశోధకులకు నివేదిక పంపాను, "ఇతెర్లాక్ ఎర్ర" అని పేరు పెట్టాను, మెప్పు పత్రం తెచ్చుకుని ఆ చట్రంలో పెట్టాను. చలికి తట్టుకున్నది దుంప కాదు, పావియా తోళ్ళు. నివేదిక తప్పని ఈ ఉదయమే వాళ్ళకు ఉత్తరం రాశాను. మన దుంప చలికి చావదులే, గది కప్పు బాగుచేయడం దండగ అని ఈ మధ్య కొందరు అంటున్నారు. ఆ మాట నా నుంచే వచ్చింది. చస్తుంది. ఒక్క రోజులో చస్తుంది. దయచేసి కప్పు వేయించండి. చట్రం ఎవరికైనా పనికొస్తే తీసుకోవచ్చు, లోపలి కాగితం చింపేశాను.

7. విత్తనగది తాళం నా ఆస్తి కాదు, రాసివ్వడానికి నాకు హక్కు లేదు. దాన్ని ఊరికి అప్పగిస్తున్నాను. పావియాకు తిరిగి ఇమ్మని, అతని తర్వాత నివికి ఇమ్మని ప్రార్థిస్తున్నాను. రిజిస్టరును హాలులో అందరూ చదివేలా పెట్టాలి. పావియాకు ఒక కొత్త ఉన్ని దుప్పటి. అతను పాతది మళ్ళీ వాడలేదని, ఆ చలికాలమంతా కోటు కప్పుకుని పడుకున్నాడని నివి చెప్పింది.

8. ఇక్కడిదాకా రాశాక ఈ సాయంత్రం పావియా ఇంటికి వెళ్ళి మొత్తం చదివి వినిపించాను. కిటికీ దగ్గర నాటే దుంపలను మొలక పైకి వచ్చేలా పెట్టెల్లో సర్దుకుంటున్నాడు. ఆపకుండానే విన్నాడు.

"ఆ పుస్తకం పొయ్యిలో పెట్టేసుంటావనుకున్నాగా అమ్మా" అన్నాడు. ఇంకో దుంప సర్ది, "ఇది ఊళ్ళో ఎవరికీ చదవొద్దు" అన్నాడు.

కారణం అడిగాను. నేను ఊహించగలిగిన కారణాల్లో అది లేదు.

"నా పేరు పోతే నాతోనే పోద్ది. బొలెట్టె అనే పేరు అట్లా కాదు. అది మా అమ్మది. నీ తర్వాత ఎవరి పిల్లకో పెడతారు. ఊరి విత్తనం చంపినదన్న మాట ఆ పేరు పక్కన నేను రానివ్వను. తొమ్మిదేళ్ళు మోశాను, ఇంకో నాలుగేళ్ళు మోయలేనా?"

తొమ్మిదేళ్ళు అతను ఎందుకు నోరు మెదపలేదో అప్పుడు తెలిసింది. నా మీద ప్రేమ అనుకుని సిగ్గుపడుతూ వెళ్ళాను. ప్రేమే, కాని నేను పుట్టకముందే పోయిన మనిషి మీద. పొయ్యి దగ్గర సూప్ కలుపుతున్న నివి వెనక్కి తిరగకుండానే అంది: "నీకది మోసే బరువు నాన్నా. నాకది ఇంటిపేరైపోయింది."

పావియా చేతిలో దుంపను చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. సరే అనలేదు, వద్దని మళ్ళీ అనలేదు.

9. అమలు గురించి. వీలునామాను రాసినవాళ్ళు పోయాక తెరుస్తారు. నాకు నలభై ఆరు, అతనికి డెబ్బై నాలుగు. చచ్చాక నిజం చెప్పడానికి ఇంత శ్రద్ధగా అంకెలు వేసుకుంటూ వచ్చానని ఈ అంశం దగ్గరకు వచ్చాక గాని నాకు తట్టలేదు. అతను వెళ్ళిపోయిన ఇరవై ఏళ్ళకు తెరిచే కాగితం అతనికి దేనికి? కనుక 3 నుంచి 7 వరకు ఉన్న అంశాలు నా మరణంతో పని లేకుండా ఈ రోజే అమలులోకి వస్తాయి. మిగతావి ఆగవచ్చు.

మొదటి బొలెట్టెను నేను చూడలేదు. ఏం కోరుకునేదో నాకు తెలుసునని చెప్పుకునే ధైర్యం లేదు. కాని వసంతంలో ఆకలేసినా విత్తనం ముట్టని మనిషి, కొడుకు మీద నింద పడుతుంటే తొమ్మిదేళ్ళు చూస్తూ ఊరుకుంటుందని నమ్మలేను. ఆ పేరుకు మచ్చ పడేది తప్పు ఒప్పుకున్నప్పుడు కాదు, కొడుకును వదిలేసినప్పుడు. నేనలా అనుకుంటున్నాను. పొరపాటు కావచ్చు. అయినా చదువుతాను.

ఉదయం పదకొండు గంటలకు, హాలులో, తాళం సంగతి చర్చకు రాకముందు, పావియా ఎదుట, నేనే నిలబడి చదువుతాను. కాఫీ పోయకముందే చదువుతాను. కాఫీ, కేకులు ముందుకు వచ్చాక మా ఊళ్ళో ఎవరూ ఎవరి మీదా కోపం నిలుపుకోరు. ఆ తేలికదనం రేపు నాకు వద్దు.

ఇతెర్లాక్, శుక్రవారం రాసి ముగించి, 2024 మే 11 శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు సాక్షుల ఎదుట సంతకం చేసినది.

బొలెట్టె ఇసాక్సెన్

సాక్షులు, తామిద్దరూ మొత్తం చదివామని, రాసిన మనిషి బుద్ధి స్థిరంగానే ఉందని ధ్రువీకరిస్తూ:

రెగినె లింగె, చర్చి ఉపదేశకురాలు

కాలి మార్కుసెన్, దుకాణం. ఐదో అంశం నిజం. నేను పదకొండు దాకా ఆగను, ఇప్పుడే పావియా ఇంటికి వెళ్తున్నాను.