శంకర్ చోట ఎవరు పాడాలి

1956, శ్రావణ శుక్రవారం, రాత్రి

మా శంకర్ దోస్తులు ముగ్గురూ పొద్దున వచ్చారు. వినాయక చవితికి గణపతి పందిట్లో పాడడానికి వాడి చోట కొత్త పిల్లగాణ్ణి పెట్టుకుంటామని అడిగారు. నా కొడుకు పోయి మూడు నెలలే.

వద్దనలేకపోయాను. అమెరికా పాటగాళ్లు నలుగురు నోటితోనే బాజాలన్నీ వాయిస్తారు. వాళ్ల గ్రామఫోను రికార్డు విని విని శంకర్, ఈ ముగ్గురూ అట్లా పాడడం నేర్చుకున్నారు. "వాళ్లల్ల ఒకడు సచ్చిపోతే ఇంకొకన్ని నిలవెట్టుకున్నరమ్మా, పాట ఆపలే" అని శంకరే ఒకనాడు చెప్పాడు.

"ఒక్కసారి పాడి పోండి బిడ్డా" అన్నాను. మగ్గం పక్కన వాడి చోటు వదిలి ముగ్గురూ నిలబడ్డారు. నేను బీడీలు చుడుతూ తల వంచుకుని విన్నాను. కాసేపటికి వాళ్ల గొంతుల అడుగున శంకర్ గొంతు కలిసింది. పెద్ద బాజా ఊదినట్టుండే ఆ బరువు గొంతే. నా చేతిలో ఆకు చిరిగింది.

"ఇగ ఆపు అత్తా" అన్నాడు ముగ్గురిలో ఒకడు, నర్సింలు, మెల్లగా.

"నేనేం జేసిన్రా?"

"మేం ఆపినా నువ్వు పాడుతనే ఉన్నవ్. అచ్చం వాని లెక్కనే."

నాలుగేళ్లు పక్కన కూర్చుని విన్నాను గాని ఎన్నడూ నోరు తెరిచింది లేదు. గొంతు మీద చెయ్యి పెట్టి చూస్తే లోపల ఇంకా వణుకుతోంది.

కొత్తవాణ్ణి పెట్టుకోండి గాని మా ఇంట్లో పాడించొద్దని చెప్పి పంపాను. ఆ పిల్లగాడు ఆ చోట నిలబడి పాడితే శంకర్ నాలోంచి కూడా వెళ్లిపోతాడేమోనని భయం.