చీలిక వెడల్పు

మార్చి 12, బుధవారం

చిరంజీవి ఉలిపికట్టెకు అన్నయ్య ఆశీస్సులు.

అమ్మా నేనూ క్షేమం. అలా రాయాలి కాబట్టి రాశాను. నువ్వు పిన్ని ఇంటికి వెళ్లి నెల దాటింది. ఇంక చదవనని, పిన్ని కుట్టుషాపులో గుండీలు కుట్టుకుంటూ ఉండిపోతానని అన్నావట. అది విన్నప్పటినుంచి అమ్మకు ముద్ద దిగడం లేదు. నాకూ అంతే.

ఆ ప్రాక్టికల్ పరీక్ష నా కళ్లముందే జరిగింది. ల్యాబ్ అటెండరుగా గదిలో లైట్లార్పింది నేనే. రెండు రేకుల మధ్య చీలికలోంచి వెళ్లిన లేజరు, గోడమీద మధ్యమధ్య నల్లటి ఖాళీలతో అటూ ఇటూ పరుచుకుంది. ఆ ఖాళీల దూరం కొలిచి చీలిక వెడల్పు లెక్కకట్టాలి. క్లాసంతా కొలిచినట్టు నటించి, పాత రికార్డులోని అంకె దించేసింది. మిల్లీమీటరులో పదో వంతు. నీకు దానికి రెట్టింపు వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి కదా. ఎగ్జామినరు నీ కాగితం ఎత్తిపట్టి, ఇంతమందికి రానిది నీకొక్కదానికే ఎలా వచ్చిందమ్మా, స్కేలు పెట్టడం కూడా రాదా అన్నాడు. కనబడిందే రాశాను సార్ అన్నావు. సున్నా వేశాడు. అందరూ నవ్వారు.

నిన్న ఆ చీలికను మైక్రోస్కోపు కింద నాలుగుసార్లు చూశాను. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంది. నువ్వు రాసిందే నిజం. చీలిక సన్నబడేకొద్దీ వెలుగు ఇంకా పరుచుకుంటుంది, వెడల్పైతే ముడుచుకుంటుంది, దాన్నే వివర్తనం అంటారు అన్నయ్యా అని వంటింట్లో కూరగాయలు తరుగుతూ నాకు పాఠం చెప్పావు. ఎవరో ఆ రేకులు కదిపి ఉంటారు.

సోమవారం మళ్లీ పరీక్ష పెడుతున్నారు. రావే. నీ కళ్లను నువ్వు అనుమానించకు.

నీ
అన్నయ్య

తా.క.: ఎవరో కాదు. ఆ రోజు పొద్దున దుమ్ము తుడుస్తుంటే ఆ రేకుల చట్రం నా చేతిలోంచి జారిపడింది. ఊడిన రేకును కంటి అంచనాతో బిగించేశాను. నీ అంకె వినగానే సంగతి అర్థమైంది. నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే సంతకానికి వెళ్లింది. అందుకని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, అందరితోపాటు నేనూ నవ్వాను. జరిగిందంతా ఇవాళ రాసి హెడ్డుగారికి ఇచ్చాను. సోమవారం ఆ గదిలో వేరే అటెండరు ఉంటాడు. నా మొహం చూడాల్సి వస్తుందని మాత్రం రావడం మానకు.