ఎడమ వైపు బంతి

చిత్తూరు,
21-3-1982.

ప్రియమిత్రుడు సుందరరాజుకు,

గురప్ప నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ చెల్లెలు జ్ఞానాంబా క్షేమమని తలుస్తాను. యూనియన్ ఆఫీసులో కూర్చుని రోజూ పది ఉత్తరాల్లో ఈ మాట రాస్తుంటాను. ఒక్కదాంట్లోనూ నిజం కాదు. అయినా ఇది రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు.

నువ్వు క్వార్టర్సు ఖాళీ చేసి పాకాలలో మీ అత్తగారింటికి వెళ్లిపోయావని గేటు దగ్గర వాచ్‌మన్ చెబితే తెలిసింది. పదిహేడేళ్లు మన చక్కెర మిల్లు హాకీ టీముకు గోలు కాచినవాడివి, చిన్నప్పటి స్నేహితుడికి ఒక్క మాట చెప్పకుండా రైలెక్కావు. కోపమే అయితే మంచిది. కోపంగా ఉన్నవాడితో వాదించొచ్చు. మాట్లాడనివాడితో ఏం చేసేది?

నీ అభియోగం ఏమిటో నాకు తెలుసు. యూనియన్ పత్రికలో నేను రాసిన వ్యాసం. ‘గోలు కాపలాకు పదకొండు వందలా?’ అని పైన పెద్దక్షరాలు. నీ కాంట్రాక్టు మూడేళ్లు పొడిగించి, నెలకు పదకొండు వందలూ క్వార్టర్సూ ఇవ్వాలని మేనేజరు కమిటీలో పెట్టాడు. అదే వారం, గోడౌనులో గోనెసంచులు కుట్టే ఇరవై ముగ్గురు ఆడవాళ్లు తమను పర్మనెంటు చేయమని అడిగారు. ఉన్న నిధి ఒక్కటే, ఇదో అదో మీరే తేల్చుకోండి అని ఆ పెద్దమనిషి ఫైలు నా ముందుకు తోశాడు. కమిటీలో అటు సగం ఇటు సగం, నా చెయ్యి ఎటు లేస్తే అటు తేలుతుంది.

ఆ వ్యాసంలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. తొమ్మిదేళ్లుగా సంచులు కుట్టి వేళ్లు పగిలిపోయిన మనుషులను, చెరకు అయిపోగానే ఇంటికి పొమ్మనే మిల్లు అది. ముప్పై తొమ్మిదేళ్ల గోల్‌కీపరుకు పదకొండు వందలు ఇస్తానంటే షీల్డు మీద మోజు తప్ప మనిషి మీద ప్రేమ కాదని రాశాను. తప్పా? చెప్పు.

అయితే రాయనిది ఒకటుంది, ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఆ డబ్బుకు అర్హుడివే. ఇంకా మూడేళ్లు బంతులు ఆపగలవని నేను అనను. నీ మోకాళ్ల సంగతి నీకన్నా నాకు బాగా తెలుసు, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటావు. పదిహేడేళ్లు ఆపావు, అందుకు అర్హుడివి. ఆటగాడని పేరు పెట్టి ఏటా కొత్త కాగితం మీద సంతకం చేయించుకుని, ఒక్క ఏడు కూడా నిన్ను పర్మనెంటు చేయలేదు. వాళ్లు ఇస్తామన్న పొడిగింపు రాబోయే బంతులకు. జరిగిపోయిన వాటి లెక్క వాళ్లకు అక్కర్లేదు. అందుకే ఒక్క గోలు పడేసరికి మాట మార్చారు.

కన్ను సంగతి కూడా ఎత్తక తప్పదు. గుంతకల్లులో షార్ట్ కార్నరు బంతి నీ ఎడమ కంటికి తగిలి ఐదేళ్లు. ఇక ఆ కంటికి వెలుగు తప్ప ఏదీ ఆనదని రాయవేలూరు డాక్టరు చెప్పినప్పుడు మనం ముగ్గురమే ఉన్నాం, నువ్వూ నేనూ జ్ఞానాంబా. మిల్లుకు తెలిస్తే మరుసటి రోజే కాగితం చించేస్తారు. అప్పుడే కదా మనం ఆ ఏర్పాటు చేసుకున్నది. నేను గోలు వెనక నిలబడతాను. బంతి నీ ఎడమ వైపు నుంచి వస్తే, “ఏమప్పా అంపైరూ, కండ్లు కనపడలేదా నీకు?” అని గొంతు చించుకుని అరుస్తాను. నువ్వు ఎడమకు కాలు చాపుతావు. జనం నవ్వేవాళ్లు. “గురప్పన్నకు అంపైరు కనపడితే సాలు, పూనకం వస్తాది” అనేవాళ్లు. పాపం ఏ తప్పూ చేయని అంపైర్లు ఐదేళ్లు నా చేత తిట్లు తిన్నారు. ఒకాయన ఆట ఆపి వచ్చి, నీకు నేనేం అపకారం చేసినానప్పా అని అడిగితే, నువ్వు ప్యాడ్లలో మొహం దాచుకుని నవ్వడం నాకింకా గుర్తుంది. మిల్లు క్రషర్‌లో వేలు పోతే నష్టపరిహారం ఇస్తారు. మిల్లు షీల్డు కోసం కన్ను పోతే ఆఫీసు గోడకు ఫోటో తగిలిస్తారు. ఆ ఫోటోలో కూడా నువ్వు వెనక వరసలో ఉన్నావు.

రేణిగుంట ఫైనలు గురించి మళ్లీ చెప్పనా? నాలుగు రోజులు గేటు మీటింగుల్లో అరిచి అరిచి వచ్చాను. ఆట చివర్లో గొంతు పట్టేసింది. ఎడమ నుంచి బంతి వచ్చింది, నా నోట మాట రాలేదు, గోలు పడింది. ఆ ఒక్క గోలుతో షీల్డు పోయింది. నీ దగ్గరకు వచ్చి గొంతు పట్టుకుని చూపించాను. నువ్వు తల ఊపి నా భుజం తట్టి, “పోనీలే గురప్పా, ముందు వేన్నీళ్లు తాగు” అన్నావు.

మరుసటి రోజు కమిటీలో మేనేజరు నా వైపు కూడా చూడలేదు. నిన్నటిదాకా “మా సుందరరాజు మనిషి కాదప్పా, గోడ” అని ఊరంతా చెప్పుకున్నవాడు, “గోడకు బొక్క పడినాది, ఇంక దానికి దుడ్డు దండగ” అని ఫైలు వెనక్కి లాక్కున్నాడు. నేను చెయ్యి ఎత్తే అవసరమే రాలేదు. మరి ఆ నిధి సంచులు కుట్టేవాళ్లకు ఇవ్వండి అన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఇప్పుడు ఆ డబ్బుతో గెస్టుహౌసుకు రంగులు వేయిస్తున్నారు. పొద్దున ఆ దారిన వస్తే వాసన గుప్పుమంది.

సంచులు కుట్టేవాళ్ల పెద్ద వరదమ్మను నువ్వెరుగుదువు. ఆమె దగ్గరకు వెళ్లి సంగతి చెప్పాను. కుట్టే సూది ఆపకుండానే అంది: “ఆయప్పకిచ్చే దుడ్డు ఆపితే మాకిస్తారని నీకెవురు సెప్పినారన్నా? ఇంత సదువుకున్నావు, పత్రికలు రాస్తావు, ఇది తెల్దా నీకు?” ఇరవై ఏళ్ల ఉద్యమంలో నన్ను ఇంత సులువుగా ఎవరూ ఓడించలేదు.

ఇక అసలు పని. లేబరు ఆఫీసరు వచ్చే శుక్రవారం చిత్తూరు వస్తున్నాడు. అందరినీ పర్మనెంటు చేయాలని ఒక అర్జీ రాశాను. ఇరవై మూడు వేలిముద్రలు పడ్డాయి. ఇరవై నాలుగో పేరు నీది. నీ పదిహేడు కాగితాలు, నీ కన్ను, అన్నీ అందులో ఉన్నాయి. నీ సంతకం లేకుండా అర్జీ కదలనివ్వనంటోంది వరదమ్మ. “ఆయప్పను తీసేసి మమ్మల్ని అడగమంటే, రేపు మమ్మల్ని తీసేసి ఇంకొకర్ని అడుగుతావు” అంటోంది. శుక్రవారం దాటితే మళ్లీ ఆర్నెల్లకు గానీ రాడు. అప్పటికి చెరకు అయిపోతుంది, వాళ్లంతా ఇళ్లకు పోయి ఉంటారు. అర్జీ ఈ కవరులోనే పెడుతున్నాను. సంతకం పెట్టి పంపు.

అలసిపోయాను రాజూ. వాదించే ఓపిక కూడా తగ్గుతోంది. చెల్లెలికి నా నమస్కారం చెప్పు.

ఇట్లు,
నీ గురప్ప

తా.క. కవరు అంటించి, మళ్లీ చించాను. ఇది తెలియకుండా నీ చేత సంతకం పెట్టించుకోకూడదు. రేణిగుంటలో నా గొంతు పట్టేయలేదు. ఆట అయ్యాక స్టేషను బయట టీ బంకు దగ్గర అరగంట సేపు గొంతెత్తి వాదించాను, అక్కడున్న వాళ్లను అడుగు. గోలు పడితే పొడిగింపు వాళ్లే వద్దంటారు, డబ్బు ఆడవాళ్లకు దక్కుతుంది, నీ ముందు నీకు వ్యతిరేకంగా చెయ్యి ఎత్తే బాధ నాకు తప్పుతుంది అనుకున్నాను. నీ రెండో కన్నయినా మిగులుతుందని కూడా నాకు నేను చెప్పుకున్నాను. అది తర్వాత పుట్టిన సాకు. సంతకం పెడితే వరదమ్మ కోసం పెట్టు, నా కోసం వద్దు. ఆ బంతి నీ వైపు వస్తున్నప్పుడు ఎడమ కాలు ఎత్తి పట్టుకుని నా కేక కోసం ఆగావు. నేను చూస్తూనే ఉన్నాను.