స్టారు ఆర్పిన ఇల్లు

తమ్ముడు కృపానందానికి, దేవుని దయవల్ల అందరం బాగున్నాం. ఫోను ఎత్తవు గనుక కార్డు రాస్తున్నాను.

మంగళవారం పొద్దున పాలు కాచి, పచ్చడికి కొబ్బరి కోరుతూ వాకిట్లోకి చూస్తే, అమ్మ క్యారల్స్ వాళ్ళకని చేసిన కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు రాత్రి పాటలు పాడుకుంటూ వచ్చి వాళ్ళు మన ఇల్లు దాటి వెళ్ళిపోయేరట. డాబా మీద క్రిస్మస్ స్టారు వెలగని ఇంటి ముందు వాళ్ళు ఆగరు కదా. ఆర్పింది ఎవరో కాదు, కాలేజీకని నువ్వు మా దగ్గరుంచిన నీ కూతురు శారోనే. నువ్వు పంపిన టెలిస్కోపులో, గొల్లకావిడి మూడు చుక్కల కింద ఏదో మసక మబ్బు చూడాలట. డాబా మీద మన స్టారు వెలుగు దానికి అడ్డమట.

"చుక్కల కోసం యేసయ్య చుక్కని ఆర్పేసేవంటే?" అంది అమ్మ.

"చుక్కలు కాదు మామ్మా, అవి పుట్టే చోటు," అంది శారోను.

"పుట్టడం పశువుల పాకలో ఎప్పుడో అయిపోయిందమ్మా."

అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ప్రార్థనలో కూడా చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మధ్యలో నా ప్రాణం విసిగిపోయింది. డిసెంబరులో మన వీధిలో ప్రతి డాబా మీదా స్టారుంటుందని ఆ టెలిస్కోపు పంపేటప్పుడు నీకు తోచలేదా?

బస్సులో వేసిన కొబ్బరికాయల బస్తా అందిందా? అమ్మ మోకాళ్ళ నూనె అయిపోయింది, పంపు. మరదలి దగ్గు ఎలా ఉంది? మీ ఇద్దరినీ ప్రభువు కాచును గాక.

ఇవాళ సాయంత్రం ముగ్గురం కూర్చుని అనుకున్నాం. క్యారల్స్ వాళ్ళని శుక్రవారం మళ్ళీ రమ్మనాలి. వాళ్ళు పాడి వెళ్ళాక ఓ గంట స్టారు ఆర్పాలి. ఆర్పేదీ, ఆ మబ్బు ముందు చూసేదీ తనేనంది అమ్మ. శారోను "ఆయ్" అంది.

మీ అక్క సలోమి